పాత రాతి కచేరీలు భూకంపాన్ని తట్టుకోవాలంటే ఏం చేయాలి?

సంక్షిప్తంగా: మహారాష్ట్ర సరిహద్దు తాలూకాల్లో నిజాం కాలంలో, బ్రిటిష్ కాలంలో కట్టిన రాతి భవనాలు ఇప్పటికీ ఆఫీసులుగా, బడులుగా, విశ్రాంతి గృహాలుగా వాడుకలో ఉన్నాయి. భూకంపం వస్తే వీటికి ఎక్కువ ముప్పు గోడకూ గోడకూ, గోడకూ కప్పుకూ మధ్య కట్టు లేకపోవడం వల్లే. ఆ కట్టును తర్వాత కూడా వేయవచ్చు. అందుకు కూల్చనక్కర్లేదు, రూపం మార్చనక్కర్లేదు. అయితే మరమ్మతు పేరుతో పెంకుల కప్పు తీసేసి స్లాబ్ వేయడం, సున్నపు గోడకు సిమెంటు పూయడం ఇలాంటి భవనాన్ని మునుపటి కంటే ప్రమాదంలోకి నెడతాయి.

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. గోదావరికి ఇవతల ఉన్న గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లోనూ ఆ కుదుపు తెలిసింది. అదే ఏడాది మార్చిలో ఒకసారి, జులైలో ఒకసారి హింగోలి జిల్లా కేంద్రంగా 4.5 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు పక్కనున్న నాందేడ్ జిల్లాను కదిపాయి. ప్రాణనష్టం జరగలేదు. కానీ ఇలాంటి కుదుపు వచ్చినప్పుడల్లా ఊళ్లో అందరి చూపూ పాత సర్కారీ భవనాల మీద పడుతుంది.

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్, సిరొంచ లాంటి తెలుగు మాట్లాడే తాలూకాల్లో ఇవి కొత్తగా చెప్పాల్సినవి కావు. రెండడుగుల మందం రాతి గోడలు, ఎత్తైన కప్పు, ముందు వరండా, వరుస కమానులు. ఎక్కడో ఒకచోట నిలువునా ఒక పగులు. దాని పక్కనే 'ధోకాదాయక్ ఇమారత్', అంటే ప్రమాదకర భవనం, అని మరాఠీలో రాసిన బోర్డు. ఆ బోర్డు పడిన తర్వాత రెండే దారులు వినబడతాయి: కూల్చి కొత్తది కట్టాలని ఒకరు, ముట్టుకోకుండా ఉంచాలని మరొకరు. నిజానికి ఈ రెండింటి మధ్య ఇంజినీరింగ్‌కు చాలా చోటుంది.

ఈ నేల కదలదన్న నమ్మకం

దక్కన్ పీఠభూమి గట్టి నేల, ఇక్కడ భూకంపాలు రావు అన్న మాట తరాలుగా ఉంది. 1967 డిసెంబర్ 11న పశ్చిమ కనుమల్లోని కొయినా దగ్గర పెద్ద భూకంపం వచ్చినప్పుడు అది ఆనకట్ట నీటి ప్రభావమని, మిగతా పీఠభూమికి దానితో సంబంధం లేదని సర్దిచెప్పుకున్నారు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర నేల కదిలేసరికి ఆ నమ్మకం పోయింది. తీవ్రత సుమారు 6.2. హిమాలయ ప్రాంతపు లెక్కలో అది మధ్యరకం భూకంపం. అయినా లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో వేలమంది చనిపోయారు. పదివేలకు దగ్గరని ఎక్కువగా ఉటంకించే లెక్క. గణపతి నిమజ్జనం ముగించుకుని వచ్చి జనం ఇళ్లలో నిద్రపోతున్న వేళ అది.

అప్పటి భూకంప పటంలో కిల్లారి మొదటి జోన్‌లో, అంటే అన్నిటికంటే తక్కువ ముప్పు ఉన్న జోన్‌లో ఉంది. 2002లో భవనాల భూకంప భద్రతకు సంబంధించిన భారత ప్రమాణాన్ని సవరించినప్పుడు మొదటి జోన్‌ను పూర్తిగా ఎత్తేసి రెండో జోన్‌లో కలిపారు. లాతూర్ ప్రాంతాన్ని మూడో జోన్‌కు పెంచారు. ఆ లెక్కన దేశంలో భూకంప భయం బొత్తిగా లేని చోటంటూ కాగితం మీద కూడా మిగల్లేదు.

సిరొంచ వైపు కథ వేరు. ప్రాణహిత, గోదావరి పారే ఆ లోయ కింద భూమి పొర చాలా ప్రాచీన కాలంలో చీలి కుంగింది. ఆ కుంగిన పల్లంలో పేరుకున్న ఇసుకరాళ్లలోనే సిరొంచ దగ్గర డైనోసార్ల శిలాజాలు దొరికాయి. అలాంటి పాత చీలిక అంచుల్లో ఒత్తిడి పేరుకుని అప్పుడప్పుడూ బయటపడుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం ఈ పట్టీలోదే. 2024 నాటి ములుగు భూకంపమూ అంతే. నాందేడ్ పట్టణంలో 2006 తర్వాత కొన్నాళ్లు నేల కింద చప్పుళ్లతో పాటు చిన్న చిన్న ప్రకంపనలు వరుసగా వచ్చి జనాన్ని టెన్షన్ పెట్టాయి.

వీటిని బట్టి రేపో మాపో పెద్ద భూకంపం వస్తుందని ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగింది వేరొకటి ఉంది. ఇక్కడ రాగల భూకంపం మధ్యరకంది, చాలా అరుదైనది. దాన్ని తట్టుకునేలా పాత భవనాన్ని తయారుచేయడం సాధ్యమే, ఖర్చూ అందుబాటులోనే ఉంటుంది. హిమాలయ పాదాల దగ్గర ఉన్నంత కష్టం ఇక్కడ లేదు.

కిల్లారిలో గోడలు ఎలా కూలాయి

అక్కడి ఇళ్ల గోడలు రెండడుగుల నుంచి మూడడుగుల మందం. చూడటానికి కోటగోడలే. కానీ అలాంటి గోడ కూలినచోట దాని అడ్డకోత చూస్తే ఒక గోడ కనబడదు, రెండు కనబడతాయి. బయటి వైపు ముఖం చదును చేసిన పెద్ద రాళ్ల వరుస, లోపలి వైపు మరో వరుస. రెండింటి నడుమ చిల్లరాళ్లు, మట్టి. పెద్ద రాళ్ల వెనక భాగం కోసుగా ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. రెండు వరుసలనూ కలిపి పట్టే పొడవాటి రాయి ఎక్కడో గాని ఉండదు.

నేల పక్కకు ఊగినప్పుడు ఈ రెండు పొరలూ వేర్వేరుగా ఊగుతాయి. నడుమనున్న చిల్లరాళ్లు కుదుపుకు కిందికి జారి, చీలలా దిగి, పొరలను బయటికి తోస్తాయి. ముందు గోడ ఉబ్బుతుంది. తర్వాత ఒక పొర రాలిపోతుంది. మిగిలిన సగం మందం కప్పును మోయలేక పడిపోతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది.

రెండో బలహీనత మూలల్లో ఉంది. రెండు గోడలు కలిసే చోట రాళ్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయేలా పేర్చకపోతే కుదుపుకు మూల నిలువునా విడిపోతుంది. అప్పటిదాకా నాలుగు గోడల పెట్టెగా ఉన్నది నాలుగు విడి పలకలవుతుంది. విడి పలక తన వెడల్పు దిశలో వచ్చే తోపును బాగానే ఆపుతుంది. మందం దిశలో వచ్చే తోపుకు మాత్రం వెల్లకిలా పడుతుంది.

మూడోది కప్పు. కిల్లారి ఇళ్ల మీద దూలాలు, వాసాలు పరిచి వాటిపైన అడుగున్నర, రెండడుగుల మందాన మట్టి వేసేవారు. ఎండాకాలం చల్లగా ఉండటానికి అది మంచిదే. కానీ భూకంపం తోసే బలం బరువును బట్టి పెరుగుతుంది. ఎంత బరువుంటే అంత తోపు. చాలా ఇళ్లలో కప్పును లోపలి చెక్క స్తంభాలే మోశాయి. ఆ స్తంభాలు నిలిచి, చుట్టూ గోడలు కూలిన ఇళ్లు ఎన్నో కనిపించాయి. కలిసికట్టుగా బిగించిన చెక్క చట్రం ఊగి నిలబడింది. కట్టులేని రాయి పడింది.

నిజాం కాలపు కచేరీలు ఆ పల్లె ఇళ్లకంటే మెరుగైనవే. మట్టి బదులు గానుగ సున్నం వాడారు, మూలలకు చెక్కిన రాళ్లు పెట్టారు, పనిలో నేర్పు కనబడుతుంది. అయినా గోడ లోపల రెండు పొరల పద్ధతి చాలావరకు అదే. వాటికి తోడు మరికొన్ని బలహీనతలు ఉన్నాయి. గదులు పెద్దవి, కాబట్టి అడ్డగోడలు దూరదూరంగా ఉంటాయి. కప్పు చాలా ఎత్తు. తలుపులు, కిటికీలు ఎక్కువ. వరండా కమానులు ఎప్పుడూ తమ కాళ్లను బయటికి నెడుతుంటాయి. పైన పిట్టగోడ, మధ్యలో లేచిన బురుజు లాంటి అలంకారాలు అన్నిటికంటే ముందు రాలేవి. అవి పడేది సరిగ్గా జనం పరుగెత్తి వచ్చే గుమ్మం ముందే.

లెక్కలో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. రాతి గోడ రెండడుగుల మందం, నాలుగు మీటర్ల ఎత్తు ఉంటే మీటరు పొడవుకు దాదాపు ఆరు టన్నులు తూగుతుంది. 2016 నాటి భారత ప్రమాణం ప్రకారం ఉక్కు కడ్డీలు లేని ఇలాంటి ప్రజాభవనం మూడో జోన్‌లో తన బరువులో ఇంచుమించు ఐదో వంతుకు, రెండో జోన్‌లో ఎనిమిదో వంతుకు సమానమైన పక్కతోపును ఆపగలగాలి. అంటే ఆ గోడ ప్రతి మీటరు పొడవునా మూడో జోన్‌లో టన్నుకు పైగా, రెండో జోన్‌లో ముప్పావు టన్ను తోపు. పైనుంచి కిందికి మోయడానికి కట్టిన గోడకు పక్కనుంచి ఇంత తోపు కొత్తదే.

పగుళ్లన్నీ భూకంపానివి కావు

బోర్డు పెట్టడానికి కారణమైన పగులు ఎందుకు వచ్చిందో తెలియకుండా మొదలుపెట్టే మరమ్మతు డబ్బు దండగ. నాందేడ్ జిల్లాలో చాలాచోట్ల నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని బీటలు వారుతుంది. పునాది లోతు చాలని చోట ఏటా ఈ ఉబ్బడం, కుంగడం గోడను ఏటవాలుగా చీలుస్తాయి. అలాంటి పగులు ఎండాకాలంలో ఒక వెడల్పు, వానాకాలంలో ఒక వెడల్పు ఉంటుంది. సాధారణంగా భవనం చివర్లలో, కిటికీ మూల నుంచి మొదలవుతుంది. పక్కన కొత్తగా బోరు వేసినా, మురుగు కాల్వ పునాది దగ్గర లీకైనా, పెద్ద చెట్టు నీరు లాగేసినా అది పెరుగుతుంది.

భూకంపపు పగులుకు పోలిక వేరు. రెండు కిటికీల మధ్య గోడముక్క మీద ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి కోసుకుంటూ వస్తుంది. లేదా మూలల్లో పైనుంచి కిందికి నిలువుగా దిగుతుంది. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. మూడో రకం రావి, మర్రి మొక్కల వేళ్లు తెచ్చే పగులు. దాన్ని గుర్తుపట్టడానికి నిపుణుడు అక్కర్లేదు. కానీ మొక్కను పైపైన కోసేస్తే వేరు లోపల బతికే ఉండి ఇంకా లావెక్కుతుంది.

తేడా పట్టడానికి ఖరీదైన పరికరాలు కూడా అవసరం లేదు. పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్కను అతికించి తేదీ రాసి ఉంచడం పాత పద్ధతి. పగులు కదిలితే గాజు విరుగుతుంది. ఇప్పుడు మిల్లీమీటరు గీతల ప్లాస్టిక్ పట్టీలు దొరుకుతున్నాయి. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలి. ఆ ఏడాది ఆగకుండా ఇచ్చే స్ట్రక్చరల్ ఆడిట్ (భవనం పటుత్వ పరీక్ష) రిపోర్టు సగం ఊహ మీద నడిచినట్టే. గోడ లోపలి డొల్లను పట్టడానికి సుత్తితో మెల్లగా తడుతూ పోవడం ఇప్పటికీ పనికొచ్చే పరీక్ష. గట్టి చోట ఖంగుమంటుంది, పొరలు విడిన చోట డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట వేలు పట్టేంత రంధ్రం చేసి సన్నని కెమెరా దింపి చూస్తారు.

మంచి ఉద్దేశంతో జరిగే హాని

పాత కచేరీ కప్పు కారితే సర్కారీ మరమ్మతులో సర్వసాధారణంగా జరిగేది పెంకులు, వాసాలు తీసేసి కాంక్రీట్ స్లాబ్ వేయడం. ఇక కారదు, చెదలు పట్టదు, గట్టిగా ఉంటుంది అన్నది వాదన. బరువు మాత్రం ఎవరూ లెక్కవేయరు. మంగుళూరు పెంకుల కప్పు వాసాలతో కలిపి చదరపు మీటరుకు డెబ్భై ఎనభై కిలోలు. ఐదంగుళాల స్లాబ్ మూడు వందల కిలోలు దాటుతుంది. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న హాలు మీద ఐదు టన్నులున్న చోట పద్దెనిమిది టన్నులు చేరతాయి. అదంతా గోడల నెత్తిన, అంటే భూకంపం ఎక్కువగా ఊపే ఎత్తులో. కింద గోడ పొరలు మాత్రం ఎప్పటిలాగే విడివిడిగా ఉంటాయి.

ఇందుకు ఇటలీ అనుభవం కళ్లు తెరిపించేది. 1979లో ఉంబ్రియా ప్రాంతపు కొండ ఊళ్లలో భూకంపం వచ్చింది. తర్వాత అక్కడి పాత రాతి ఇళ్లను బలపరిచే పనిలో చెక్క అంతస్తులు తీసి కాంక్రీట్ స్లాబులు, గోడల మీద కాంక్రీట్ బీములు వేశారు. 1997లో మళ్లీ భూకంపం వచ్చినప్పుడు అలా 'బలపరిచిన' ఇళ్లు చాలా ఘోరంగా దెబ్బతిన్నాయి. బరువైన, బిర్రుగా ఉన్న కప్పు ఒక్కముక్కగా ఊగుతూ కింద బలహీనమైన రాతి గోడలను చిదిపేసింది. అప్పటినుంచి అక్కడి ఇంజినీర్లు గోడను ముందు బాగుచేయనిదే కప్పు బరువు పెంచవద్దన్న నియమం పట్టుకున్నారు. అదే 1997లో అసిసీ పట్టణంలో సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా కమాను కప్పు కూలి నలుగురు చనిపోయారు. ఆ కప్పు పైభాగపు గుంటల్లో ఏళ్లతరబడి మరమ్మతుల చెత్త, రాళ్లు పేరుకుపోయి ఉన్నాయి. ఆ బరువే కూలడానికి ఒక ముఖ్య కారణమని తర్వాతి పరిశీలనల్లో తేలింది. మన కచేరీల కప్పుల మీద విరిగిన పెంకులు, పాత స్లాబ్ ముక్కలు, పనికిరాని నీళ్ల ట్యాంకులు ఎన్ని పడి ఉన్నాయో ఒకసారి ఎక్కి చూస్తే చాలు. వాటిని దింపడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు.

రెండో హాని సిమెంటు పూత. సున్నపు గోడ నేలలోంచి, వానలోంచి తేమ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమకు దారి మూసుకుపోతుంది. లోపలి సున్నం, మట్టి మెత్తబడతాయి. లవణాలు పూత వెనక పేరుకుని రాతి ముఖాన్ని పొరలుగా రాల్చేస్తాయి. బయటికి గోడ కొత్తగా మెరుస్తుంటుంది. లోపల పట్టు పోతూ ఉంటుంది. సున్నానికి ఇంకో గుణం కూడా ఉంది. వాన నీటికి కొద్దిగా కరిగి, సన్నని పగుళ్లలో మళ్లీ గట్టిపడి వాటిని మూస్తుంది. సిమెంటు అలా చేయలేదు.

కట్టు వేసే పద్ధతులు

పని క్రమం ముఖ్యం. మొదట నీరు ఆపాలి: కప్పు కారడం, గోడ పక్క మురుగు, పునాది చుట్టూ నీళ్లు నిలవడం. తర్వాత అదనపు బరువు దించాలి. ఆ రెండూ అయ్యాకే బలపరిచే పని.

గోడ లోపలి నుంచి మొదలుపెడతారు. రాళ్ల సందుల్లో అడుగుకో రెండడుగులకో ఒక గొట్టం దిగేసి, పలుచగా కలిపిన సున్నపు పాలను తక్కువ ఒత్తిడితో లోపలికి పంపుతారు. ఎప్పుడూ కింది వరుస నుంచి పైకి. కింది గొట్టంలో పోసింది పై గొట్టంలోంచి బయటికి వస్తే ఆ మేరకు నిండినట్టు. ఒత్తిడి ఎక్కువైతే ఆ పాలే పొరలను చీల్చేస్తుంది కాబట్టి తొందరపడకూడదు. సున్నం త్వరగా గట్టిపడటానికి ఇటుక పొడి, అంటే సుర్ఖీ కలుపుతారు. ఒక్కో గోడ ఊహించినదానికంటే ఎంతో ఎక్కువ తాగేస్తుంది. లోపల అంత ఖాళీ ఉందన్న మాట.

నింపినంత మాత్రాన పొరలు కలిసిపోవు. వాటిని కుట్టాలి. కొత్త రాతి గోడకు ఎత్తులో ప్రతి రెండడుగులకు, పొడవులో ప్రతి నాలుగడుగులకు గోడ మందమంతా పట్టే పొడవు రాయి ఒకటి ఉండాలని భారత ప్రమాణం చెబుతుంది. పాత గోడలో అది లేదు కాబట్టి తర్వాత పెట్టాలి. కిల్లారి తర్వాత మహారాష్ట్రలో విరివిగా చెప్పిన పద్ధతి ఇది: రాళ్లను జాగ్రత్తగా సడలించి, గోడ ఇవతలి ముఖం నుంచి అవతలి ముఖానికి మూడంగుళాల రంధ్రం తెరుస్తారు. రెండు చివర్లా వెడల్పుగా, నడుమ సన్నగా. అందులో రెండు కొసలూ వంచిన సన్నని ఉక్కు కడ్డీ పెట్టి కాంక్రీట్ నింపుతారు. గట్టిపడ్డాక అది రెండు పొరలనూ పట్టి ఉంచే గుబ్బ బొత్తాం లాంటిదవుతుంది. చారిత్రక భవనంలో మామూలు ఉక్కుకు బదులు తుప్పు పట్టని స్టీలు వాడాలి. తుప్పు పడితే ఇనుము ఉబ్బి రాయిని లోపలినుంచి పగలగొడుతుంది. డ్రిల్ వాడేటప్పుడు సుత్తిలా కొట్టే రకం పనికిరాదు, తిరిగి కోసే రకమే వాడాలి.

ఆ తర్వాతిది గోడలన్నిటినీ కలిపి పెట్టెలా బిగించడం. కొత్త ఇళ్లలో లింటల్ ఎత్తులో చుట్టూ వేసే కాంక్రీట్ బెల్ట్ చేసే పని ఇదే. పాత భవనంలో గోడ తవ్వి అలాంటి బెల్ట్ వేస్తే గోడే బలహీనపడుతుంది. మామూలు ఇళ్లకైతే లింటల్ పైన, చూరు కింద గోడకు రెండు వైపులా ఉక్కు జాలీ పట్టీలు బిగించి గార పూస్తారు. చెక్కిన రాయి బయటికి కనబడే కచేరీకి అది కుదరదు. అక్కడ టై రాడ్లు నప్పుతాయి. కప్పు అడుగు ఎత్తులో, గది ఈ గోడ నుంచి ఆ గోడకు ఉక్కు కడ్డీలు సాగదీసి, బయటి ముఖాన ఇనుప పలకలు పెట్టి నట్లు బిగిస్తారు. కమానుల కాళ్లు బయటికి జరగకుండా పట్టేవీ ఇవే. యూరప్‌లో శతాబ్దాల క్రితం పెట్టిన ఇలాంటి కడ్డీలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పలకలు బయటికి కనబడతాయి, నిజమే. కానీ ఇది చేసిన మరమ్మతు అని చూసేవారికి తెలియడం, అవసరమైతే తర్వాతి తరం విప్పి ఇంతకంటే మంచిది పెట్టుకోగలగడం పరిరక్షణ సూత్రాల్లో పెద్ద గుణాలు. 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా పాత పద్ధతులు చాలని చోట, పనితీరు రుజువైన ఆధునిక పద్ధతిని వాడవచ్చని ఒప్పుకుంది.

చివరిది కప్పు. పెంకుల కప్పును తీసేయకుండానే గట్టి పలకలా మార్చవచ్చు. వాసాల మీద చెక్క పలకలను రెండు వరుసలుగా, ఒకదానికొకటి ఏటవాలుగా కొట్టి, అంచుల్లో ఉక్కు పట్టీలతో గోడకు బిగిస్తే కప్పు బరువు పెద్దగా పెరగకుండానే నాలుగు గోడలనూ కలిపి పట్టుకుంటుంది. దూలం కొస గోడలో ఊరికే కూర్చుని ఉంటే కుదుపుకు జారి బయటికి వచ్చేస్తుంది. దానికి ఒక ఉక్కు కొక్కెం వేసి గోడ అవతలి ముఖాన బిగించడం చిన్న పని. ఖర్చుతో పోలిస్తే ప్రాణాలు కాపాడే విలువ అన్నిటికంటే దీనికే ఎక్కువ. ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు వేసిన మిద్దెల్లో దూలాలు ఒకదానికొకటి దూరం జరిగితే కమాను ఊడి పడుతుంది. అడ్డంగా ఉక్కు పట్టీలు వెల్డింగ్ చేసి దూలాలను కలిపేస్తే ఆ భయం పోతుంది. పిట్టగోడకు, అలంకారపు బురుజులకు వెనకనుంచి ఊతం పెట్టాలి.

రబ్బరు దిమ్మెల మీద భవనం

ఈ విషయం చదివేవారికి ఎక్కువగా కనబడేది బేస్ ఐసొలేషన్. భవనాన్ని పునాది నుంచి వేరుచేసి మధ్యలో సీసం, రబ్బరు పొరల దిమ్మెలు పెడతారు. నేల ఊగినా దిమ్మెలు ఆ ఊపును మింగేస్తాయి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 1894 నాటి సిటీ అండ్ కౌంటీ భవనానికి 1989లో ఇలా చేశారు. చారిత్రక భవనానికి ఈ పద్ధతి వాడటం అదే మొదలు. 2020 మార్చిలో అక్కడ 5.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఆ భవనం నిలబడింది. మన దేశంలో 2001 భుజ్ భూకంపం తర్వాత తిరిగి కట్టిన అక్కడి ఆసుపత్రికి ఈ దిమ్మెలు పెట్టారు. అది కొత్త కట్టడం.

ఖర్చు సంగతికి న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ టౌన్ హాల్ ఉదాహరణ. 1904 నాటి ఆ భవనాన్ని 2013లో మూసేశారు. అప్పటి అంచనా 4.3 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. పదేళ్లకు అది దాదాపు 33 కోట్లకు చేరింది. సముద్రాన్ని పూడ్చిన మెత్తని నేల, తవ్వేకొద్దీ బయటపడిన సమస్యలు అంచనాలను తలకిందులు చేశాయి. తాలూకా కచేరీకి ఆ దారి అక్కర్లేదు. ఇక్కడి భూకంప స్థాయికి పైన చెప్పిన కట్టు చాలు.

తెలుగువారు ఈ సందర్భంలో రామప్ప గుడిని తలుచుకోవడం సహజం. 1213లో కట్టడం మొదలుపెట్టిన ఆ గుడి పునాది కింద ఇసుక పరిచారని, శిఖరానికి తేలికపాటి ఇటుకలు వాడారని యునెస్కో గుర్తింపులోనూ ఉంది. ఇసుక పరుపును ఇప్పటి రబ్బరు దిమ్మెలతో సమానం చేయడం సరికాదు. పైభాగం తేలిగ్గా ఉంచాలన్న కాకతీయుల తెలివి మాత్రం ఇప్పటి లెక్కకు అచ్చంగా సరిపోతుంది. పెంకుల కప్పు తీసి స్లాబ్ వేసేవారు చేస్తున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఖర్చు, టెండరు, అనుమతి

భవనం కేంద్ర పురావస్తు శాఖ లేదా రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత జాబితాలో ఉంటే ప్రతి పనికీ వారి అనుమతి కావాలి. సరిహద్దు తాలూకాల కచేరీలు, బడులు, విశ్రాంతి గృహాల్లో చాలావాటికి అలాంటి రక్షణ లేదు. అవి ప్రజా పనుల శాఖవో, జిల్లా పరిషత్‌వో. అంటే కాపాడాలన్నా కూల్చాలన్నా నిర్ణయం స్థానికంగానే జరుగుతుంది.

చిక్కు టెండరు పద్ధతిలో ఉంది. మామూలు మరమ్మతు అంచనాలు సిమెంటు, ఇసుక, ఉక్కు ధరల పట్టిక మీద నడుస్తాయి. గానుగ సున్నం, సున్నపు పాలు నింపడం, రాయి సడలించి కట్టు వేయడం లాంటివాటికి విడిగా ధర విశ్లేషణ చేసి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి అంచనాలోకి సిమెంటు పూత వచ్చేస్తుంది. తక్కువ ధర వేసినవారికే పని దక్కుతుంది కాబట్టి సున్నం పని తెలిసిన సుతారి మేస్త్రీ ఆ జాబితాలో ఉండడు. పైగా గోడ ఎంత సున్నపు పాలు తాగుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. స్థిరమైన పరిమాణం రాసిన టెండరులో అది ఇమడదు. ముందు ఒక గదిలో నమూనా పని చేసి, వాడిన సరుకును కొలిచి, ఆ కొలత మీద మిగతా అంచనా వేయడం ఇందుకు ఆచరణలో ఉన్న మార్గం.

కిల్లారి పునరావాసంలో ఇంకో పాఠం ఉంది. పూర్తిగా నేలమట్టమైన ఊళ్లను కొత్తచోట కట్టారు. తక్కువ దెబ్బతిన్న చోట పాత ఇళ్లను బలపరచుకోవడానికి సాయం ఇచ్చారు. కానీ చాలామంది ఆ డబ్బుతో పాత రాతి గోడకు కట్టు వేసుకోవడం మాని, పక్కన ఒక కొత్త గది వేసుకున్నారు. రాయి అంటేనే భయం పట్టుకుంది. ఆ భయాన్ని తప్పుపట్టడానికి లేదు. తమవాళ్లను చంపింది ఆ రాళ్లే కదా. అయితే పాత ఇల్లు మునుపటిలాగే ప్రమాదంలో మిగిలిపోయింది, జనం అందులోనూ నిద్రపోతూనే ఉన్నారు. ప్రజాభవనాన్ని సరిగ్గా బలపరచి చూపిస్తే ఆ పద్ధతి మీద ఊరికి నమ్మకం కలుగుతుంది, పని నేర్చిన మేస్త్రీలూ ఊళ్లోనే తయారవుతారు.

ముందు ఏ భవనం?

అన్నిటికీ ఒకేసారి డబ్బు రాదు. క్రమం పెట్టుకోవడానికి మూడు విషయాలు చూడాలి: లోపల ఎంతమంది, ఎన్ని గంటలు ఉంటారన్నది ఒకటి; గోడ ఉబ్బిందా, మూల విడిందా అన్నది రెండోది; కప్పు మీద ఎంత బరువుందన్నది మూడోది. ఈ లెక్కన బడిగా నడుస్తున్న పాత భవనం ఖాళీగా ఉన్న విశ్రాంతి గృహం కంటే ముందు వస్తుంది. స్లాబ్ వేసేసిన కచేరీ, అందంగా కనబడుతున్నా సరే, పెంకుల కప్పుతో పాతబడి కనిపించే దానికంటే ముందు వస్తుంది. భూముల రికార్డులు ఉంచే గది ఉన్న భవనాన్ని కూడా ముందుకు తేవాలి. నిజాం కాలం నాటి ఉర్దూ, ఫార్సీ కాగితాలు తడిసినా మట్టిలో కలిసినా సరిహద్దు రైతుల హక్కుల తగాదాలకు ఆధారం మిగలదు.

ఆడిట్‌కు ఏడాది, నమూనా గదికి ఒక ఎండాకాలం, అసలు పనికి రెండు మూడు ఎండాకాలాలు పడతాయి. సున్నం గట్టిపడటానికి నెలలు పడుతుంది, వానలో ఆ పని సాగదు. ఈలోగా పెద్దగా ఖర్చులేనివి రెండు చేయవచ్చు: కప్పు మీద చెత్త దించడం, దూలాల కొసలకు కొక్కేలు వేయడం. ఇవి చేసి, గుమ్మం పైనున్న పిట్టగోడకు ఊతం పెట్టి, రాకపోకలను దానికి దూరంగా ఉన్న మరో తలుపు వైపు మళ్లిస్తే, మిగతా పని మొదలయ్యేదాకా ఆ భవనాన్ని వాడుకోవచ్చో లేదో ఇంజినీరు గోడల పరిస్థితి చూసి చెప్పగలరు.